పాటలు వాళ్లవి.. వరుస మనది!

‘ఈ ప్రాజెక్టులో నువ్వు చేసిందేంటి?’

క్యాంపస్ ఇంటర్వ్యూలో నాకు ఎదురైన ప్రశ్న ఇది. లైబ్రరీలన్నీ ఓపెన్ సోర్సువే. డేటా కూడా నాది కాదు. ‘అన్నీ కలిపాను సార్’ అనడానికి నోరు రాలేదు. ఉద్యోగమూ రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు తర్వాతెప్పుడో దొరికింది. అదీ డాన్స్ మ్యూజిక్ కంపైలేషన్ ఆల్బమ్స్ వింటుంటే!

వేర్వేరు కళాకారుల పాటల్ని ఒకచోట చేర్చిందే కంపైలేషన్. డాన్స్ మ్యూజిక్‌లో డీజే ఇంకో అడుగు ముందుకేస్తాడు. పాటకూ పాటకూ మధ్య ఖాళీ లేకుండా కలిపేస్తాడు. బ్రిటన్ డీజేలు సాషా, జాన్ డిగ్‌వీడ్ 1994లో మూడు సీడీలుగా తెచ్చిన ‘రెనసాన్స్: ది మిక్స్ కలెక్షన్’ ఇలాంటిదే. ఆ మరుసటి ఏడాదే ‘డీజే-కిక్స్’ సిరీస్ మొదలైంది. లండన్ క్లబ్ ‘ఫ్యాబ్రిక్’ 2001 నుంచి సొంత సిరీస్ తెచ్చింది.

బలాలేంటి?

అప్పట్లో డాన్స్ ట్రాక్స్ ఎక్కువగా 12 అంగుళాల రికార్డులపై, తక్కువ కాపీల్లో వచ్చేవి. టర్న్‌టేబుల్ లేనివాళ్లకు అవి అందేవి కాదు. కంపైలేషన్ ఆ లోటు తీర్చింది. ఒక్క సీడీ కొంటే పేరు కూడా వినని పది, పదిహేను మంది పరిచయమయ్యేవారు.

రెండో బలం వరుస. సీడీలో పట్టేది దాదాపు 80 నిమిషాలే. ఎక్కడ మొదలెట్టాలి, ఎప్పుడు ఊపు పెంచాలి, ఎక్కడ ఊపిరి పీల్చుకోనివ్వాలి? హౌస్ మ్యూజిక్ సాధారణంగా నిమిషానికి 120-130 బీట్లతో నడుస్తుంది. రెండు పాటల వేగం, శ్రుతి కుదరకపోతే అతుకు చెవికి తెలిసిపోతుంది.

మరి లోపాలు?

కోరుకున్న పాటకు లైసెన్స్ రాకపోతే దొరికినదాంతో సర్దుకోవాలి. ఏడెనిమిది నిమిషాల ట్రాక్‌ని మిక్స్ కోసం సగానికి కోసేస్తారు. అమ్మకాల కోసం చేసేవాటిలోనైతే అవే హిట్లు, కవర్ మాత్రం కొత్తది! స్ట్రీమింగ్‌లో ఇంకో చిక్కు. మిక్స్‌ని ముక్కలు చేసి పెడతారు. షఫుల్ నొక్కామంటే డీజే పడ్డ శ్రమంతా గాలికే. లైసెన్స్ గడువు తీరితే కొన్ని పాటలు మాయమైపోతాయి కూడా.

కోర్టుకెక్కిన వరుస

2013లో లండన్‌కు చెందిన ‘మినిస్ట్రీ ఆఫ్ సౌండ్’ సంస్థ స్పాటిఫైపై దావా వేసింది. యూజర్లు తమ కంపైలేషన్లను అచ్చంగా అదే వరుసలో ప్లేలిస్టులుగా పెట్టేస్తున్నారన్నది ఫిర్యాదు. స్పాటిఫైలో ఆ పాటలు ఉండటం తప్పేం కాదు. గొడవంతా ఎంపిక గురించే. ఏరి, పేర్చిన పనికి హక్కు ఉంటుందా? తీర్పు రాకముందే 2014లో రాజీ కుదిరింది. ఆ ప్లేలిస్టులు సెర్చ్‌లో కనిపించకుండా చేయడానికి స్పాటిఫై ఒప్పుకుంది. ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

మనకేంటి ఉపయోగం?

సంగీతమంటే ఇష్టం ఉంటే ప్లేలిస్ట్ ఎడిటింగ్, లైసెన్సింగ్, మెటాడేటా, మాస్టరింగ్.. ఇవన్నీ ఉద్యోగాలే. పాడటం రాకపోయినా ఫర్వాలేదు. లేకపోయినా ఈ పాఠం పనికొస్తుంది. మీ ప్రాజెక్టూ ఒకరకంగా కంపైలేషనే కదా! ఇంటర్వ్యూకు వెళ్లేముందు మూడు విషయాలు రాసుకోండి.

* ఏది ఎంచుకున్నారు, ఎందుకు?
* దేన్ని వదిలేశారు, ఎందుకు?
* కలిపేటప్పుడు ఎక్కడ అతుకు కుదరలేదు, ఎలా సరిచేశారు?

ఎవరి కోడ్ వాడారో ముందే చెప్పేయండి. మంచి ఆల్బమ్ కవర్‌పై అందరి పేర్లూ ఉంటాయి, డీజే పేరుతో సహా. ఆ రోజు నాకు తెలియని జవాబు ఇదే: ‘పాటలు నావి కావు సార్, వరుస నాది. ఈ వరుసే ఎందుకో చెప్పమంటారా?’