మంజికర్టు కోట

వాన్ సరస్సునకు ఉత్తరమున, ప్రాచీన ఆర్మీనియాలో అపహునిక్ అను సీమ యుండెను. దాని ముఖ్యపట్టణము మంజికర్టు. క్రీ. పూ. 8వ శతాబ్ది తొలినాళ్ల ఉరార్టు రాజు మెనువా పేరే ఇందు మిగిలినదని పండితుల ఊహ. ఎల్లసీమ కావున ఏలిక తరచు మారుచుండెను. కొంతకాలము అరబ్బు అమీరులు పాలించిరి. 1000లో తావో ప్రభువు దావీదు మరణింపగా ఇది బైజాంటియమ్ చక్రవర్తి రెండవ బాసిల్ వశమయ్యెను.

1054లో సెల్జూకు సుల్తాను తుఘ్రుల్ బేగు కోటను ముట్టడించెను. కోటను కాచినవాడు బాసిల్ అపొకాపెస్. సుల్తాను బిత్లిస్ నుండి పెద్ద శిలాయంత్రమును తెప్పించి గోడలపై ప్రయోగించెను. అప్పుడు జరిగిన సాహసమును ఎడెస్సా మత్తయి వర్ణించెను. ఒక ఫ్రాంకు భటుడు ఈటె కొనకు ఉత్తరము గుచ్చి, దూతవలె శత్రుశిబిరము సొచ్చెను. మిట్టమధ్యాహ్నపు టెండలో కావలివారు ఏమరియుండిరి. అతడు అగ్నిద్రవ్యము నింపిన గాజుపాత్రలను యంత్రముపై విసరి, అది మండుచుండగనే గుఱ్ఱమును దౌడుతీయించి కోట చేరెను. ఇంతటివాని పేరైనను మత్తయి వ్రాయలేదు! సుల్తాను ముట్టడి విడిచి మరలెను.

పదునేడేండ్లకు కథ తలక్రిందయ్యెను. మరల తురుష్కుల చేజిక్కిన కోటను చక్రవర్తి రోమనస్ డయోజెనీస్ 1071లో తిరిగి గెలిచెను. ఆ గెలుపు నిలువలేదు. ఆగస్టు 26న ఆ సమీపముననే ఆల్ప్ అర్స్‌లాన్ చేత ఓడి బందీయయ్యెను. సుల్తాను అతనిని గౌరవించి విడిచిపుచ్చగా, స్వజనులే కన్నులు పెరికించిరి.

నేడది తుర్కియేలోని మలాజ్‌గిర్త్. కోటగోడలు కొంతమేర నిలిచియున్నవి. ఆ సీమ ఆర్మీనియనుల బ్రతుకు 1915 నాటి మారణకాండలో అంతరించెను.