పిల్లల్లో రక్త విరేచనాలు, ఆపై కిడ్నీలకు దెబ్బ: హెచ్‌యూఎస్ చికిత్సపై ట్రయల్స్ ఏం తేల్చాయి?

రక్త విరేచనాలు తగ్గుముఖం పట్టాయి, ఇక ఫర్వాలేదు అనుకుంటున్న సమయంలో పిల్లల ముఖం పాలిపోయినా, కళ్ల చుట్టూ వాపు వచ్చినా, మూత్రం బాగా తగ్గిపోయినా ఆలస్యం చేయొద్దు. అది హిమోలిటిక్ యురేమిక్ సిండ్రోమ్ కావచ్చు. డాక్టర్లు దీన్ని హెచ్‌యూఎస్ అంటారు. ఇది అరుదైన వ్యాధే. కానీ చిన్న పిల్లల్లో ఉన్నట్టుండి కిడ్నీలు దెబ్బతినడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. దీనికి ఏ మందు పనిచేస్తుంది, ఏది పనిచేయదు, ఎవరైనా క్లినికల్ ట్రయల్‌లో చేరమంటే ఏం అడగాలి అన్నది ఇక్కడ చూద్దాం.

అసలు ఏమిటీ హెచ్‌యూఎస్?

మూడు సమస్యలు ఒకేసారి వస్తే దాన్ని హెచ్‌యూఎస్ అంటారు. ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి. ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కిడ్నీల పనితీరు దెబ్బతింటుంది. సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, అక్కడ చిన్న చిన్న గడ్డలు కట్టడమే దీనికి మూలం. ఆ ఇరుకు దారిలో వెళ్లే ఎర్ర కణాలు ముక్కలవుతాయి. 1955లో స్విట్జర్లాండ్ వైద్యుడు కాన్రాడ్ గాసర్, ఆయన సహచరులు ఈ వ్యాధికి పేరు పెట్టారు.

ఎందుకు వస్తుంది?

ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి ఇన్ఫెక్షన్. షిగా అనే విషాన్ని విడుదల చేసే ఈ.కోలి బ్యాక్టీరియా, షిగెల్లా డిసెంటరీయే టైప్ 1 ఈ కోవలోకి వస్తాయి. సరిగా ఉడకని మాంసం, కాచని పాలు, కలుషిత నీరు, శుభ్రం లేని పచ్చి కూరలు, మొలకల ద్వారా ఇవి కడుపులోకి చేరతాయి. ఈ.కోలికీ ఈ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని 1983లో కెనడాకు చెందిన మహమ్మద్ కర్మాలి బృందం బయటపెట్టింది.

రెండోది, మన శరీరంలోని రక్షణ వ్యవస్థలో భాగమైన ‘కాంప్లిమెంట్’ అదుపు తప్పడం. జన్యు లోపం వల్ల కానీ, దాన్ని అదుపులో ఉంచే ‘ఫ్యాక్టర్ హెచ్’ అనే ప్రొటీన్‌పై శరీరమే యాంటీబాడీలు తయారుచేయడం వల్ల కానీ ఇలా జరుగుతుంది. దీన్ని ఎటిపికల్ హెచ్‌యూఎస్ అంటారు. రెండింటి లక్షణాలూ దగ్గరగానే ఉంటాయి. చికిత్స మాత్రం పూర్తిగా వేరు.

యాంటీబయాటిక్ వేస్తే మంచిదా, చెడ్డదా?

ఈ ప్రశ్నపై చాలాకాలంగా చర్చ నడుస్తోంది. 2000లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం 71 మంది పిల్లలను పరిశీలించింది. వీరందరికీ ఓ157 రకం ఈ.కోలి సోకింది. యాంటీబయాటిక్ తీసుకున్న 9 మందిలో ఐదుగురికి హెచ్‌యూఎస్ వచ్చింది. తీసుకోని 62 మందిలోనూ ఐదుగురికే వచ్చింది. మందు తగిలిన బ్యాక్టీరియా మరింత విషాన్ని వదులుతుందేమో అన్నది ఒక వివరణ.

అది చిన్న అధ్యయనం. ఎవరికి మందు ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చిన ట్రయల్ కూడా కాదు. అయినా ఈ తరహా ఈ.కోలి అని తేలితే యాంటీబయాటిక్స్ వద్దనే ఎక్కువమంది నిపుణులు చెబుతున్నారు.

ఇక్కడే మనవాళ్లు జాగ్రత్తగా అర్థం చేసుకోవాల్సిన విషయం ఉంది. మన దగ్గర పిల్లల్లో రక్త విరేచనాలకు షిగెల్లా ముఖ్య కారణం. దానికి సరైన యాంటీబయాటిక్ సకాలంలో ఇవ్వాల్సిందే. కాబట్టి ‘మందు వేయొద్దు’ అన్నది నియమం కాదు, ‘సొంతంగా వేయొద్దు’ అన్నదే నియమం. ఇంట్లో మిగిలిన సీసా, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర, విరేచనాలను బలవంతంగా ఆపే లోపెరమైడ్ లాంటివి పిల్లలకు ఇవ్వకండి. మల పరీక్ష చేయించి, ఏం ఇవ్వాలో డాక్టర్‌నే తేల్చనివ్వండి.

2011లో జర్మనీ నేర్పిన పాఠం

2011 మేలో జర్మనీలో ఓ104 రకం ఈ.కోలి విజృంభించింది. 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు. వారిలో 800 మందికి పైగా హెచ్‌యూఎస్ బారిన పడ్డారు. 50 మందికి పైగా చనిపోయారు. మొదట స్పెయిన్ దోసకాయలపై అనుమానం పడింది. చివరికి తేలింది మెంతి మొలకలని.

అదే సమయంలో ముగ్గురు పిల్లలకు ఎక్యులిజుమాబ్ అనే ఇంజెక్షన్‌తో నయమైందని ఒక వైద్య పత్రికలో లేఖ వచ్చింది. ఎటిపికల్ హెచ్‌యూఎస్‌లో కాంప్లిమెంట్‌ను అడ్డుకునే మందు ఇది. దాంతో జర్మనీలో ఎంతోమందికి దీన్ని ఇచ్చారు. చాలామంది కోలుకున్నారు. అయితే మందు తీసుకోనివారిలోనూ చాలామంది కోలుకున్నారు. మరి మందు పనిచేసినట్టా, కాదా?

దీన్ని తేల్చడానికి ఫ్రాన్స్‌లో 100 మంది పిల్లలపై ట్రయల్ జరిగింది. కొందరికి అసలు మందు, కొందరికి పైకి అలాగే కనిపించే ఉత్తుత్తి మందు ఇచ్చారు. 2023లో ఫలితాలు వచ్చాయి. డయాలసిస్ అవసరమైన రోజుల విషయంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడాది తర్వాత కిడ్నీ సమస్యలు మందు తీసుకున్నవారిలో కొంత తక్కువగా కనిపించాయి. అయితే ట్రయల్ ప్రధానంగా తేల్చాలనుకున్నది అది కాదు కాబట్టి, దాని ఆధారంగా అందరికీ ఈ మందు ఇవ్వలేరు.

మరి ఇప్పుడున్న చికిత్స?

ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే హెచ్‌యూఎస్‌కు నేరుగా పనిచేసే మందు ఇంకా లేదు. ద్రవాలు సరిచూడటం, బీపీ అదుపు, అవసరమైతే రక్తం ఎక్కించడం, డయాలసిస్. ఇవే ప్రాణం నిలబెడుతున్నాయి. మంచి వైద్యం అందితే ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు. తొలి రోజుల్లోనే సెలైన్ తగినంత ఎక్కిస్తే కిడ్నీలకు రక్షణ ఉంటుందన్న ఆశతో అమెరికా, కెనడాల్లో పెద్ద ట్రయల్ చేపట్టారు. హెచ్‌యూఎస్ ఎక్కువగా కనిపించే అర్జెంటీనాలో, గుర్రాల నుంచి తయారుచేసిన విషవిరుగుడు యాంటీబాడీలను పరీక్షించారు.

ఎటిపికల్ రకానికి మాత్రం ఎక్యులిజుమాబ్ పనిచేస్తుంది. 2011లోనే అమెరికా అనుమతించింది. కానీ ప్రపంచంలోని అత్యంత ఖరీదైన మందుల్లో ఇదొకటి. పైగా మెనింజైటిస్ ముప్పు పెంచుతుంది కాబట్టి టీకా తప్పనిసరి.

మన దేశంలో తేడా ఏమిటి?

ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల నాయకత్వంలో జరిగిన పరిశోధనలో ఒక ముఖ్య విషయం తెలిసింది. ఫ్యాక్టర్ హెచ్‌పై యాంటీబాడీల వల్ల వచ్చే రకం పాశ్చాత్య దేశాల్లో తక్కువ. మన పిల్లల్లో మాత్రం చాలా ఎక్కువ. ఇలాంటి 138 మంది పిల్లల వివరాలను 2014లో ప్రచురించారు. వెంటనే ప్లాస్మా మార్పిడి మొదలుపెట్టి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు జోడిస్తే కిడ్నీలు నిలుస్తున్నాయని తేలింది. అంటే అతి ఖరీదైన ఇంజెక్షన్ లేకుండానే చాలామందిని కాపాడవచ్చు. షరతు ఒక్కటే, ఆలస్యం కాకూడదు. అందుకే పిల్లల కిడ్నీ డాక్టర్‌ను ‘యాంటీ ఫ్యాక్టర్ హెచ్ పరీక్ష చేయించాలా?’ అని అడగండి.

ట్రయల్‌లో చేరమంటే?

దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు ఐసీఎంఆర్ ఆధ్వర్యంలోని సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ఉంటాయి. 2009 నుంచి నమోదు తప్పనిసరి. ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. సంతకం పెట్టే ముందు ఇవి అడగండి:

• సీటీఆర్ఐ నంబర్ ఎంత? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా?
• మా బిడ్డకు ఉత్తుత్తి మందు వచ్చే అవకాశం ఉందా? అప్పుడు మామూలు చికిత్స కొనసాగుతుందా?
• సమ్మతి పత్రం తెలుగులో ఉందా? ఒక కాపీ మాకిస్తారా?
• మధ్యలో మానుకుంటే వైద్యం ఆగుతుందా? (ఆగకూడదు.)
• ట్రయల్ వల్ల హాని జరిగితే ఎవరు బాధ్యులు?

2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, ట్రయల్‌లో గాయం లేదా హాని జరిగితే ఉచిత వైద్యం ఇవ్వాలి. ట్రయల్ వల్లే జరిగిందని తేలితే పరిహారం కూడా ఇవ్వాలి. 7 ఏళ్లు దాటిన పిల్లలకైతే విషయం చెప్పి వారి ఇష్టం కూడా తెలుసుకోవాలి.

ఖర్చు సంగతి?

డయాలసిస్‌కు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద కూడా సేవలున్నాయి. మీ బిడ్డకు చేసే చికిత్సలో ఏది పథకం పరిధిలోకి వస్తుందో చేరిన రోజే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

విరేచనాల్లో రక్తం కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కు చూపించండి. ఆ తర్వాత వారం పది రోజులు మూత్రాన్ని గమనించండి. సగం రోజు గడిచినా మూత్రం రాకపోయినా, ఒంటిపై కారణం లేకుండా నల్లటి మచ్చలు వచ్చినా, పిల్లలు మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆగొద్దు. రక్తకణాల సంఖ్య, క్రియాటినిన్, మూత్రం: ఈ మామూలు పరీక్షలతోనే అనుమానం చాలావరకు తేలుతుంది. కోలుకున్నాక కూడా ఏటా ఒకసారి బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. కొందరిలో కిడ్నీ సమస్య ఏళ్ల తర్వాత బయటపడుతుంది.