మాయకూ ఒక లెక్క

మాంత్రికుడు మంత్రం చదివితే కొండ కదలవచ్చు. కాని కదిలిన కొండ ఎక్కడ ఆగింది, దాని కింద నలిగినదేమిటి అని పాఠకుడు అడిగితే కథకునివద్ద జవాబుండాలి. లేనిచో అది మాయ కాదు, వట్టి మాట. అద్భుత కథలు వ్రాయబూనిన విద్యార్థులకు ఈ సంగతి బోధించడానికి అరకు దారిలోని బొర్రా గుహలను మించిన పాఠశాల లేదు.

అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి కొండలలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున వున్నవీ గుహలు. వాటినిగూర్చి అక్కడివారు చెప్పుకొనే కథ ఒకటున్నది. కొండపైన మేస్తున్న ఆవు గుహ కప్పులోని రంధ్రంగుండా లోపల పడిపోయింది. వెదుకుతూ దిగిన కాపరికి ఆవు క్షేమంగానే కనిపించింది. దాని దాపున లింగాకారమైన శిల. ఆవును కాచినవాడు శివుడేనని అతడు తలచాడు. లింగానికి పైనున్న శిలలో జనులు కామధేనువును చూచారు. ఆ ధేనువు పొదుగునుండి జారిన ధారయే గోస్తనీ నది అన్నారు. నేటికీ శివరాత్రినాడు అక్కడ భక్తులు కిటకిటలాడుతారు.

శాస్త్రం చెప్పేది వేరు. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, స్వల్పంగా ఆమ్లమై, సున్నపురాతిని కరిగించుకొంటూ పగుళ్ళవెంట దిగుతుంది. గుహలోని గాలి సోకగానే ఆ వాయువు విడిపోయి, కరిగిన సున్నం తిరిగి రాయిగా పేరుకొంటుంది. (నీరు ఆవిరి కావడంవల్లనే ఇది జరుగుతుందని చాలామంది అనుకొంటారు, ప్రధాన కారణం అది కాదు.) కప్పునుండి వ్రేలాడేది స్టాలక్టైటు, దాని చుక్క రాలినచోట నేలనుండి లేచేది స్టాలగ్మైటు. పైన పొదుగు, కింద లింగం, నడుమ ఎడతెగని అభిషేకం! జానపదుని చూపు ఎంత నిశితమైనదో చూడండి. శిలల స్థానం అతడు మార్చలేదు, నీటి దారి మార్చలేదు. ‘ఎట్లా’ అన్నది ప్రకృతికే విడిచి, ‘ఎవరు’ అన్న ఒక్క ప్రశ్నకు మాత్రం మాయతో జవాబు చెప్పాడు.

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ చిత్రానికి కథ కూర్చిన పింగళి నాగేంద్రరావుగారికి ఈ మర్మం తెలుసు. భైరవి విగ్రహం ఏది కోరినా ఇస్తుంది. కాని ఎవరి చేతిలో వుంటే వారికే. ఆ ఒక్క కట్టుబాటు వున్నందుననే విగ్రహం చేయి మారగానే ప్రేక్షకునికి గుండె ఝల్లుమంటుంది.

చిన్న నిజాలూ కథకు బలమిస్తాయి. అరకులోయ ఎత్తున నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది గనుక, మాంత్రికుని కాగులోనైనా పప్పు విశాఖపట్నంలో కంటె ఆలస్యంగా ఉడకాలి.

మళ్ళీ గుహలోనికి వస్తే, ఇట్టి శిల మిల్లీమీటరులో పదోవంతు పెరగడానికి తరచు ఏడాది పడుతుంది. ఆ లెక్కన మీటరు లింగానికి పదివేల ఏండ్లు. కథలోని మాంత్రికుడు దానిని ఒక్క రాత్రిలో పెంచాడనుకొంటే, కాలాన్ని జయించాడు, సరే. మరి సున్నం ఎక్కడిది? లీటరు నీరు గ్రాములో పదోవంతు రాయిని విడిచిందనుకొన్నా, నూరు కిలోల లింగానికి పదిలక్షల లీటర్లు కావాలి. తెల్లవారేసరికి గుహ ఏరవుతుంది. పైగా ఆ రాయి అంతా పైకొండనుండి కరిగి వచ్చినదే గదా! కప్పులో రెండు బిందెలంత బోలు పడుతుంది. ఆవు పట్టడానికి అది చాలదు. మాంత్రికుడు అంతటితో తృప్తిపడక లింగాన్ని ఇంకా, ఇంకా పెంచాడా, పైన పచ్చిక కింది రాయి పలచబడి, ఏ తెల్లవారుజామునో మేతకు వచ్చిన ఆవు కాలు దిగబడుతుంది.