జపాను ఆరోగ్య పుస్తకాలు: చదవండి, కాని మాత్రలు మానకండి!

ఏ పుస్తకాల షాపుకు వెళ్ళినా ఒక వరస నిండా జపాను పేరున్న పుస్తకాలు కనిపిస్తున్నాయి, గమనించారా? చేతిలో ఇమిడే చిన్న పుస్తకం, అట్ట మీద పూలకొమ్మ, దీర్ఘాయువు రహస్యం అంటూ ఓ పేరు, కింద ఇన్ని లక్షల ప్రతులు అమ్ముడుపోయాయన్న మాట. రైల్లో చదువుకుందామని మీరు కొంటారు. ఇంటికి వచ్చాక అది నాన్నగారి చేతికి వెళుతుంది. రెండు వారాలు గడవకముందే ఆయన, "ఈ రక్తపు పోటు మాత్రలు ఇంకా దేనికి? జపాను వాళ్ళు నూరేళ్ళు బతుకుతున్నది మాత్రలు మింగేనా?" అంటారు.

నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదిది. దీనికి సరైన జవాబు తెలియక మందులు మానేసి, పక్షవాతంతో ఆసుపత్రికి చేరేవాళ్ళున్నారు. జవాబు చెప్పే ముందు, అసలు ఆ పుస్తకం మన ఇంటి దాకా ఎలా వచ్చిందో తెలుసుకుందాం.

పుస్తకం ప్రయాణం

జపానులో కొత్త పుస్తకం నడుముకు ఒక కాగితపు పట్టీ చుడతారు. దాన్ని "ఒబి" అంటారు. మన చీరకు అంచు ఎంతో వాళ్ళ పుస్తకానికి ఆ పట్టీ అంత. ఎన్ని ప్రతులు అమ్మారో, ఏ ప్రముఖుడు మెచ్చుకున్నాడో అంతా దాని మీదే వేస్తారు. పుస్తకం స్వదేశంలో బాగా అమ్ముడుపోతే ప్రచురణకర్త చూపు విదేశాల మీద పడుతుంది. ఇంగ్లీషులో నాలుగు పేజీల సారాంశం రాయిస్తారు. ఒకటి రెండు అధ్యాయాలు మచ్చుకు అనువాదం చేయిస్తారు. టోక్యోలోని టటిల్-మోరి వంటి హక్కుల ఏజెన్సీల ద్వారానో, తామే స్వయంగానో విదేశీ ప్రచురణకర్తలకు చూపిస్తారు. ఏటా అక్టోబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగే పుస్తకాల సంతలో, వసంతంలో లండనులో జరిగే సంతలో ఈ బేరాలు సాగుతాయి. ఒక్కో పుస్తకానికి అర్ధగంట మాట్లాడితే గొప్ప. బేరం కుదిరితే కొంత సొమ్ము ముందుగా, అమ్మిన ప్రతి కాపీ మీద కొంత వాటాగా జపానుకు వెళుతుంది. తరవాత ఇంగ్లీషు నుంచి హిందీ, తెలుగు అనువాదాలు వస్తాయి.

ఇందులో తప్పేమీ లేదు. మంచి పుస్తకాలు దేశాలు దాటడం ఇలాగే. కాని ఒక్క సంగతి చూడండి. ఈ దారి పొడుగునా పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్ళలో ప్రచురణకర్త ఉన్నాడు, ఏజెంటు ఉన్నాడు, అనువాదకుడు ఉన్నాడు. వైద్యుడు మాత్రం ఉండి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. లక్షల ప్రతులు అమ్ముడుపోయాయంటే లక్షల మంది కొన్నారని అర్థం. లక్షల మందికి జబ్బు నయమైందని కాదు.

హాని లేనివి, మేలు చేసేవి

ఇల్లు సర్దుకోవడం మీద మరియే కొండో రాసిన పుస్తకం జపానులో 2010 చివర వచ్చింది. ఇంగ్లీషు అనువాదం 2014లో అమెరికా చేరి పెద్ద సంచలనం అయింది. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, మనసుకు సంతోషం ఇస్తేనే ఉంచుకోమంటుందావిడ. అటక మీద పదేళ్ళ పాత డబ్బాలున్న ఇంటికి పనికొచ్చే మాటే. మూడో బిడ్డ పుట్టాక ఇల్లు మునుపటిలా సర్దడం తన వల్ల కావడం లేదని 2023లో ఆవిడే అన్నది. పిల్లల తల్లులు ఆ మాట కూడా గుర్తుంచుకుంటే మనశ్శాంతి!

"ఇకిగాయ్" సంగతి ఇంకా చిత్రం. బతుకుకు ఒక అర్థం, పొద్దున్నే లేవడానికి ఒక కారణం అని ఆ జపాను మాటకు భావం. ఆ పేరుతో లోకమంతా తిరిగిన పుస్తకాన్ని రాసింది జపాను వాళ్ళు కాదు. ఎక్టర్ గార్సియా, ఫ్రాన్సెస్క్ మిరాయెస్ అనే ఇద్దరు స్పెయిన్ రచయితలు. 2016లో స్పానిష్ భాషలో వచ్చింది. ఒకినావా దీవిలోని ఒగిమి గ్రామానికి వెళ్ళి అక్కడి వృద్ధులతో మాట్లాడి రాశారు. ఇకిగాయ్ పేరుతో మీరు చూసే నాలుగు వలయాల బొమ్మ కూడా జపానులో పుట్టింది కాదు. బతుకు లక్ష్యం గురించి స్పెయిన్‌లో గీసిన బొమ్మకు 2014లో ఒక ఇంగ్లీషాయన ఈ జపాను మాట తగిలించాడు. అయినా చెప్పిన విషయం మంచిదే. ఉద్యోగ విరమణ చేసినవారు రోజూ చేసే పని ఒకటి పెట్టుకోవడం, నలుగురితో కలిసి మెలిసి ఉండడం ఆరోగ్యానికి మేలు. అందుకు పైసా ఖర్చు లేదు.

రోజుకు పదివేల అడుగులు నడవాలన్న లెక్క ఎక్కడిదో తెలుసా? 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కించే చిన్న యంత్రం అమ్మింది. దాని పేరు "మాన్‌పో-కెయ్", అంటే పదివేల అడుగుల మీటరు. పలకడానికి బాగుంది, అమ్మకానికి అక్కరకొచ్చింది. అలా యంత్రం పేరు ఆరోగ్య సూత్రమై కూర్చుంది. 2019లో అమెరికాలో వృద్ధ స్త్రీలను పరిశీలించగా, రోజుకు 4,400 అడుగులు నడిచినవారిలోనే మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి అమ్మమ్మగారు అయిదువేల అడుగులు నడిచి ఆగిపోతే బెంగపెట్టుకోనక్కరలేదు. నడవడం మాత్రం మానకూడదు.

నాన్నగారి ప్రశ్నకు జవాబు

ఇక అసలు సంగతి. జపాను వాళ్ళ ఆయుర్దాయం ఎక్కువన్నది నిజమే. మరి ఎందువల్ల?

1951 నుంచి 1980 దాకా జపానులో అందరికన్నా ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్న జబ్బు పక్షవాతం. కారణం ఉప్పు. మనకు ఆవకాయ ఎలాగో వాళ్ళకు ఉప్పులో ఊరేసిన కూరలు, మిసో పులుసు అలాగ. అప్పుడు వాళ్ళు రహస్యాల కోసం వెతకలేదు. ఊరూరా రక్తపు పోటు పరీక్షలు పెట్టారు. ఉప్పు తగ్గించమని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. 1961 నాటికి దేశంలో అందరికీ ఆరోగ్య బీమా ఏర్పాటు చేశారు. పోటు ఉన్నవారికి మాత్రలు ఇచ్చి, మానకుండా మింగించారు. పక్షవాతం మరణాలు బాగా తగ్గాయి. ఆయుర్దాయం పెరిగింది.

అంటే నాన్నగారికి చెప్పవలసిన జవాబు ఇది: అవునండీ, జపాను వాళ్ళు మాత్రలు మింగే అంతకాలం బతుకుతున్నారు! చేపలు, కూరలు, సోయా చిక్కుడు, నడక, మితాహారం వీటి పాలు వీటికి ఉంది. కాని పోటు చూపించుకోవడం, మందు వాడడం ఈ కథలో పెద్ద భాగం. అట్ట మీద అచ్చువేస్తే అమ్ముడుపోయే మాట కాదు గనక దాని మీద పుస్తకాలు రావు.

ఇంకో మాట. దీర్ఘాయువుకు పేరుపడ్డ ఒకినావాలో మగవారి ఆయుర్దాయం 1995లో జపాను రాష్ట్రాలన్నింటిలో 4వ స్థానంలో ఉండేది. 2000 లెక్కల్లో 26వ స్థానానికి జారింది. కొత్త తిళ్ళు, కార్ల వాడకం, పెరిగిన నడుములు దానికి కారణాలుగా చెబుతారు. నేల మహిమ ఏమీ లేదన్నమాట. అలవాటు మారితే ఫలితం మారుతుంది. కడుపులో నాలుగు పాళ్ళు నిండి అయిదో పాలు ఉండగానే లేవమనే వాళ్ళ "హర హచి బు" నియమాన్ని మనమూ పాటించవచ్చు. వాళ్ళ ఉప్పును మాత్రం అనుకరించకండి. ఇప్పటికీ వాళ్ళు రోజుకు సుమారు 10 గ్రాములు తింటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గ్రాముల లోపు ఉండాలంటుంది.

జాగ్రత్త పడవలసినవి

హిరోమి షిన్యా పెద్ద డాక్టరు. పెద్దపేగులో గొట్టం పంపి, పొట్ట కోయకుండానే లోపలి బుడిపెలను తీసే పద్ధతిని 1969లో న్యూయార్కులో ప్రవేశపెట్టినవారిలో ఒకరు. ఆయన 2005లో జపానులో రాసిన ఎంజైముల పుస్తకం లక్షల్లో అమ్ముడై ఇతర భాషల్లోకి వెళ్ళింది. పాలు మంచివి కావనీ, శరీరంలో ఒక మూల ఎంజైము ఉందనీ అందులో రాశారు. ఆధారాలు చూపమని 2007లో అక్కడి వైద్య, పోషకాహార నిపుణులే అడిగారు. మనం తిన్న ఎంజైములూ మాంసకృత్తులే. పొట్టలో చాలావరకు పప్పులాగే జీర్ణమైపోతాయి. గొప్ప శస్త్రవైద్యుడు చెప్పినంత మాత్రాన ప్రతి మాటా రుజువైనట్లు కాదు.

రోజుకు ఒక్కపూటే తినమని యోషినోరి నగుమో అనే డాక్టరు రాసిన పుస్తకం 2012లో వచ్చింది. కొరియాలో కూడా దాన్ని ఎగబడి కొన్నారు. ఆరోగ్యవంతుడి మాట వేరు. చక్కెర జబ్బుకు మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు ఇది మొదలుపెడితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడడం దాని గుర్తులు. స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్ళు ఇచ్చి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

జపాను నుంచి అమెరికాకు వెళ్ళిన "మాక్రోబయోటిక్" పథ్యంలో చిట్టచివరి మెట్టు ఒట్టి ధాన్యమే. అది ప్రాణాపాయమని 1971లో అమెరికను వైద్య సంఘం హెచ్చరించింది. 2005లో అయితే, ఒక జాతి పుట్టగొడుగు కాన్సరును మాయం చేస్తుందని రాసిన పుస్తకం పుట్టగొడుగు పొడి అమ్మకానికి ప్రకటనే అంటూ టోక్యో పోలీసులు ప్రచురణ సంస్థ వారిని అరెస్టు చేశారు. పుస్తకం ముసుగులో సరుకు అమ్మే ఈ వ్యాపారాన్ని జపాను వాళ్ళే కనిపెట్టి పట్టుకున్నారు.

మన దగ్గర కరపత్రాలుగా తిరిగి, ఇప్పుడు ఫోన్లలో తిరిగే "జపాను నీటి వైద్యం" మాటేమిటి? నిద్ర లేవగానే ఐదారు గ్లాసుల నీళ్ళు తాగితే చక్కెర జబ్బు, క్షయ, కాన్సరు ఇన్ని రోజుల్లో పోతాయని అందులో ఉంటుంది. దీనికి రుజువు లేదు. గుండె నీరసించినవారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అన్ని నీళ్ళు ఒక్కసారి తాగడం హాని. ఇక క్షయకు మందు మానేస్తే ఇంట్లో అందరికీ ముప్పే.

చదివే ముందు అయిదు ప్రశ్నలు

ఆరోగ్య పుస్తకం ఏదైనా సరే, ఏ దేశానిదైనా సరే, ఇవి వేసుకోండి.

1. రాసినవారి చదువు, అనుభవం ఈ విషయంలోదేనా?

2. ఒకే సూత్రంతో పది జబ్బులు పోతాయంటున్నారా? అయితే పుస్తకం పక్కన పెట్టండి.

3. రుజువుగా పరిశోధన చూపారా, లేక బాగుపడినవారి కథలేనా? బాగుపడనివారు కథలు చెప్పరు గదా!

4. చివర ఏదైనా పొడి, సీసా, యంత్రం కొనమంటున్నారా?

5. వాడుతున్న మందు మానమంటున్నారా? ఈ ఒక్కటి చాలు, ముందు మీ డాక్టరుతో మాట్లాడడానికి.

చక్కెర, రక్తపు పోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు, బాగా వయసు మళ్ళినవారు తిండిలో పెద్ద మార్పు ఏదీ అడగకుండా చేయకూడదు.

చక్కెర జబ్బు, కాన్సరు, రక్తపు పోటు వంటివి నయం చేస్తామని ప్రకటన వేయడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. శాస్త్ర దృష్టితో చిత్తశుద్ధిగా రాసిన పుస్తకాలకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది. అందుకే హక్కులు కొని తెలుగులో అచ్చువేసే ప్రచురణకర్తల బాధ్యత పెద్దది. అనువాదం అచ్చుకు వెళ్ళే ముందు ఒక డాక్టరు చేత చదివించి, మన తిండికి, మన జబ్బులకు తగిన హెచ్చరిక ఒక పేజీ చేరిస్తే పుస్తకం ధర పెద్దగా పెరగదు.

మీ వంతు పని ఇంకా సులువు. ఇల్లు సర్దండి, నడవండి, కడుపులో కాస్త చోటు ఉండగానే లేవండి, ఉప్పు తగ్గించండి. నెలకోసారి నాన్నగారి పోటు చూపించి, ఆ అంకె పుస్తకం అట్ట లోపలే రాసిపెట్టండి. ఆయన మాత్ర ఆయన వేళకు ఇవ్వండి.