వదిన చీర.. నా స్మార్ట్‌వాచ్: లైవ్‌లో పడిపోయింది ఎవరు?

రాత్రి తొమ్మిదైతే చాలు, విజయనగరంలోని మా ఇంట్లో టీవీ ఆగిపోయి వదిన ఫోన్ మొదలవుతుంది.

"హాయ్ అక్కలూ! లైవ్‌లోకి వచ్చినవాళ్లు ఒక లైక్ కొట్టండి. ఇది సింగిల్ పీస్, కోడ్ నంబర్ 47. కావాలంటే స్క్రీన్‌షాట్ తీసి వెంటనే వాట్సాప్ చేసేయండి!"

ఈ గొంతు మీ ఇంట్లోనూ వినబడుతూనే ఉంటుంది. ఆడవాళ్లు, ఆన్‌లైన్ చీరలు.. ఇంతకంటే ఈజీ జోక్ ఏముంటుంది? అన్నయ్యా, నేనూ రోజూ అదే జోక్ వేసేవాళ్లం. ఈమధ్య ఒక రాత్రి మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు చీటీ కట్టాలి. 1,850 రూపాయలు తక్కువయ్యాయి. వదిన లైవ్‌లో చీర కొనేసిందని తెలిసి అన్నయ్య అందరి ముందూ కేకలేశాడు. ఆమె తల దించుకుని నిలబడింది. నేను పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. అంతకు రెండు వారాల ముందే నేను 2,999 రూపాయలు పోగొట్టుకున్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

నాదీ లైవే. చీరలది కాదు, గాడ్జెట్లది. స్క్రీన్ మీద పది నిమిషాల టైమర్. బ్యాటరీ, డిస్‌ప్లే, వాటర్‌ప్రూఫ్ అని ఒకాయన గడగడా చెప్పేస్తున్నాడు. "తెలిసినోళ్లే ఈ డీల్ వదలరు బ్రో" అన్నాడు. ఆ ఒక్క మాటకి పడిపోయాను. నాకు అన్నీ తెలుసు కదా! యూపీఐ పిన్ కొట్టడానికి పది సెకన్లు కూడా పట్టలేదు. వచ్చిన వాచీ రెండో రోజే ఆగిపోయింది. ఆ నంబర్‌కి మెసేజ్ పెడితే బ్లాక్ చేశారు.

మర్నాడు వదినని అడిగాను, అవసరం లేని చీర ఎందుకు కొన్నావని.

"పేరెట్టి పిలిసింది బావూ. 'విజయనగరం అక్కా, బాగున్నావా' అంది. ఈ ఇంట్లో రోజంతా నన్ను పేరెట్టి పిలిసినోళ్లెవరు?" అంది.

నాకు మాట రాలేదు.

తెర మీద మనిషి మన సొంత మనిషే అనిపించడం కొత్తదేం కాదు. టీవీ, రేడియోల కాలంలోనే, 1956లో హోర్టన్, వోల్ అనే అమెరికా పరిశోధకులు దీని గురించి రాశారు. అప్పట్లో తెర మీది మనిషి మన పేరు పిలిచేవాడు కాదు. లైవ్‌లో పిలుస్తారు. చైనాలో 2016లో మొదలైన టావోబావో లైవ్ పెద్ద వ్యాపారంగా ఎదగడంలో ఇలాంటి దగ్గరితనానిదీ పెద్ద పాత్రే.

మరి ఆడ, మగ తేడా సంగతేంటి? 1995లో హెల్గా డిట్‌మార్ బృందం బ్రిటన్‌లో, అప్పటికప్పుడు మనసు పుట్టి కొనే వస్తువుల మీద అధ్యయనం చేసింది. మగవాళ్లు ఎక్కువగా పనికొచ్చేవి, ఆటపాటలకి సంబంధించినవి కొంటే, ఆడవాళ్లు ఎక్కువగా తమ రూపానికి, మనసుకి దగ్గరైనవి కొన్నారని తేలింది. అందరూ అలాగే ఉంటారని కాదు. కానీ గమనించండి, ఆ తేడా ఏం కొన్నారన్నదాంట్లో ఉంది. మనసు పుట్టి కొనడం ఇద్దరికీ ఉన్నదే. వదినని పిలుపు పట్టుకుంది, నన్ను 'తెలిసినోడు' అన్న పొగడ్త పట్టుకుంది.

ఇంకో తేడా మా ఇంట్లోనే చూశాను. వదిన ఒంటరిగా కొనదు. వీధిలో నలుగురు కలిసి ఒకే లైవ్ చూస్తారు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టుకుంటారు. ఒకసారి లైవ్‌లో 900 రూపాయలకి 'ఒరిజినల్ పొందూరు ఖాదీ చీర' అన్నారు. వదినది పొందూరు దగ్గరి ఊరే. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం, రాట్నం మీద సన్నని నూలు వడకడం చూస్తూ పెరిగింది. "ఏటీ, తొమ్మిదొందలకా? నూలొడికినోళ్లకి కూలైనా వస్తాదా!" అని గ్రూపులో ఒక్క వాయిస్ పెట్టింది. నలుగురూ ఆగిపోయారు.

నేను? ఎవర్నీ అడగలేదు. మోసపోయాక ఎవరికీ చెప్పలేదు. ఆమె చీర బీరువాలో అందరికీ కనబడుతుంది. నా వాచీ డ్రాయర్‌లో దాక్కుంది. మాటలు మాత్రం ఆమే పడింది.

ఆ టైమర్లు, 'లాస్ట్ పీస్' కేకల గురించీ చెప్పాలి. నిజంగా ఒకటే మిగిలితే తప్పులేదు. లేని తొందర పుట్టిస్తే మాత్రం తప్పే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో 13 రకాల 'డార్క్ ప్యాటర్న్స్'ని నిషేధించింది. అందులో దొంగ తొందర ఒకటి. వస్తువు బాగోలేకపోతే 1915కి, డబ్బు మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయొచ్చు. అప్పుడు నేను రెండూ చేయలేదు. సిగ్గు!

చివరికి ఒక రాత్రి అన్నం తింటుండగా చెప్పేశాను. అన్నయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వదిన మాత్రం ఒకటే అడిగింది.

"పార్సిల్ విప్పినప్పుడు వీడియో తీసినావా?"

"లేదు."

"రెండొందల జాకెట్ ముక్కకి కూడా నాను తీస్తాను. మూడు వేల వాచీకి నువ్వు తియ్యలేదా!"

ఈసారి అన్నయ్య నా మీద నవ్వాడు. తర్వాత వదిన వైపు తిరిగి, "ఆ రోజు అందరి ముందూ అనకుండా ఉండాల్సింది" అన్నాడు, మెల్లగా.

ఇప్పుడు మా ఇంట్లో ఒక రూల్ ఉంది. నచ్చితే స్క్రీన్‌షాట్ తీయొచ్చు, డబ్బు మాత్రం తెల్లారాకే. చీరకైనా, వాచీకైనా. వాచీ గురించి 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. నంబర్ నొక్కింది నేనే, పక్కన కూర్చున్నది వదిన.