బీరువా తాళం – పదిహేనేళ్ల పాఠకుడు

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉండే వయసును కౌమారం అంటాము. గ్రంథాలయాల్లో ఈ వయసువారికి తగిన చోటు దొరకడం కష్టం. ఒకపక్క చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు, మరోపక్క గ్రూప్స్‌కూ, కానిస్టేబుల్ పరీక్షకూ చదివే అన్నల బల్లలు. పదిహేనేళ్లవాడు పేపర్లో క్రికెట్ పేజీ చూసి వెళ్లిపోతాడు. (స్టేడియం ఉప్పల్‌లోనే ఉంది కదా, మన హాస్టళ్లలో ముందు చిరిగేది ఆ పేజీయే.) వీళ్లకు చదివే అలవాటు లేదని పెద్దలు తేల్చేస్తారు. గ్రంథాలయ శాస్త్రం చదువుతున్న మేము ఈ మాట ఒప్పుకోము.

ఉప్పల్, నాచారం ప్రాంతాల హాస్టళ్లలో ఆదివారాలు పుస్తకాలు ఇచ్చే పని చేస్తున్నాము. పుస్తకాలు లేక కాదు, ఉన్నవి తాళంలో ఉన్నాయి. కావాలంటే పేరు చెప్పి అడగాలి. బీరువాలో ఏముందో తెలియనివాడు ఏ పేరు చెబుతాడు? ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన మాలాంటివారికి పుస్తకాల పేర్లు చెప్పేవారు లేరు. చేత్తో తీసి, నాలుగు పేజీలు తిప్పి, నచ్చకపోతే తిరిగి పెట్టేసే వీలు దొరికాకే మాకేది ఇష్టమో మాకు తెలిసింది.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రచురించిన అయిదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికే అని. ఇది చెప్పాలా అనిపిస్తుంది. మధ్యయుగాల్లో ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టేసేవారు. గొలుసు పోయింది, ఇనుప బీరువా వచ్చింది. పాఠకుడే అర దగ్గరకు వెళ్లి తీసుకునే పద్ధతిని ఓపెన్ యాక్సెస్ అంటారు. రంగనాథన్ దానినే గట్టిగా సమర్థించారు.

తాళం వేసేవారి భయమూ నిజమే. స్టాకు రిజిస్టరులో పుస్తకం తగ్గితే ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది వారే. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి (2017)లోని 215వ నిబంధన చూడండి. ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోవడం సహజమేనని, మోసం, నిర్లక్ష్యం లేకపోతే చాలని అది అంటుంది. 1000 రూపాయలు దాటినవీ, అరుదైనవీ పోతే విచారణ తప్పదు. ఇది కేంద్ర కార్యాలయాల నిబంధనే అయినా, మన వార్డెన్లకూ ఇటువంటి వెసులుబాటు కావాలని అడగడానికి మంచి ఆధారం. వందమంది పిల్లలు నెలకొకటి చొప్పున పది నెలలు తీసుకుంటే వెయ్యి. అందులో అయిదు!

తలుపు తీస్తే సరిపోదు, దగ్గర మనిషి ఉండాలి. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి స్వయంగా పుస్తకాలు మోసుకుతిరిగి అమ్మారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో యువ పాఠకుల విభాగం నడిపిన మార్గరెట్ ఎడ్వర్డ్స్ గుర్రబ్బండిపై పుస్తకాలు వాడలకు తీసుకెళ్లారు. తన దగ్గర పనిచేసేవారు ముందు వందల పుస్తకాలు చదివి తీరాలని పట్టుబట్టేవారు. తాను చదవనిది ఇంకొకరికి ఎలా ఇస్తారు?

"ఏం చదువుతావురా?" అంటే కుర్రాడు తల దించుకుంటాడు. "మొన్న చూసిన సినిమాలో ఏం నచ్చింది?" అంటే అరగంట చెబుతాడు. ఇవ్వాల్సిన పుస్తకం అందులోనే తెలిసిపోతుంది. అడగలేని ప్రశ్నలూ ఉంటాయి. ఈ వయసులో శరీరంలో వచ్చే మార్పుల గురించిన పుస్తకమొకటి రిజిస్టరులో ఒక్కసారీ ఎక్కలేదు, కాని దాని అంచులన్నీ నలిగిపోయాయి. అన్నీ రిజిస్టరుకు ఎక్కాలని లేదు.

ఇప్పుడు ఒక హాస్టల్లో సాయంత్రం 6 నుంచి 8 దాకా బీరువా తెరిచే ఉంటుంది. రిజిస్టరు తొమ్మిదో తరగతి తమ్ముళ్లే రాస్తున్నారు. ఈ ఏడాది రెండు పుస్తకాలు తిరిగి రాలేదు. ఒకటి, పది తర్వాత చదువు ఆపి నాచారంలో ప్యాకింగ్ పనిలో చేరిన కుర్రాడి దగ్గర ఉందని తెలిసింది. ఇంకా నలభై పేజీలున్నాయట.