రక్తం ముసలిదయ్యే తీరు

స్త్రీ దేహంలో దాదాపు ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చినది. పిండదశ తొలి రోజుల్లోనే ప్రతి కణమూ ఆ రెంటిలో ఏదో ఒకదాని పని నిలిపేస్తుంది. ఏది నిలిచిపోతుందన్నది యాదృచ్ఛికం. ఆ కణం నుంచి పుట్టే సంతతిలో మాత్రం అదే కొనసాగుతుంది. అందువల్ల యువతుల రక్తంలో ఈ రెండు రకాల కణాలూ చాలావరకు సమపాళ్లలో కనిపిస్తాయి. 1996లో కెనడా పరిశోధకుడు లాంబెర్ బ్యూస్క్ బృందం వృద్ధ స్త్రీల రక్తాన్ని పరీక్షిస్తే చాలామందిలో ఆ పాళ్లు తప్పి ఉన్నాయి. జబ్బేమీ లేని ఆ స్త్రీలలో రక్తం కొద్దిపాటి మూలకణాల నుంచే పుడుతోందేమోనన్న అనుమానం అక్కడ మొదలైంది. అలా పాళ్లు తప్పిన స్త్రీలలో కొందరికి టెట్2 అనే జన్యువు చెడి ఉందని 2012లో అదే బృందం కనిపెట్టింది.

ఎముకల మూలుగలో ఉండే రక్త మూలకణాలు రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలను తయారు చేయించాలి. 2022లో బ్రిటన్ శాస్త్రవేత్తలు వేర్వేరు వయసులవారి మూలకణాలను విడదీసి, ఒక్కొక్కదాని డీఎన్‌ఏనూ పూర్తిగా చదివారు. ఒక్కో కణంలో ఏడాదికి సగటున 17 మార్పులు చేరుతున్నాయని తేలింది. వాటిలో చాలావాటి వల్ల లాభమూ లేదు, చేటూ లేదు. టెట్2, డీఎన్‌ఎంటీ3ఏ వంటి జన్యువులకు దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఆ కణం తోటివాటికన్నా రవ్వంత ఎక్కువగా సంతతిని పెంచుకుంటుంది. ఆ రవ్వంతే దశాబ్దాల మీద చక్రవడ్డీలా పెరుగుతుంది. డెబ్బై అయిదు దాటినవారిలో పన్నెండు నుంచి పద్దెనిమిది క్లోన్‌లే, అంటే ఒక్కో మూలకణం నుంచి పుట్టిన వంశాలే, రక్తోత్పత్తిలో 30 నుంచి 60 శాతం దాకా ఆక్రమించి ఉన్నాయి. వాటిలో అత్యధికం నలభై ఏళ్లలోపు మొదలైనవే!

ముసలితనమంటే అరుగుదల అని మన వాడుక. మూలుగలో జరిగేదాన్ని ఆ మాట పూర్తిగా చెప్పదు. అక్కడ బలహీనపడిన కణాలకన్నా పోటీలో నెగ్గిన కణాల వల్లే ఎక్కువ చిక్కు. నెగ్గినవి ఒంటికి మేలు చేసేవే కానక్కరలేదు.

ఈ సంగతి వైద్యులకు పట్టింది 2014లో. సిద్ధార్థ జైస్వాల్, బెంజమిన్ ఎబర్ట్ బృందం 17,182 మంది డీఎన్‌ఏ సమాచారాన్ని వెదికింది. నలభైలోపు వారిలో పరీక్షకు అందేంతగా పెరిగిన ఇలాంటి క్లోన్‌లు చాలా అరుదు. డెబ్బైల్లో ఉన్నవారిలో 9.5 శాతం మందికి, తొంభై దాటినవారిలో 18.4 శాతం మందికి అవి ఉన్నాయి. వారికి రక్త క్యాన్సర్ ముప్పు పదకొండు రెట్లు. వినడానికి భయంగా ఉన్నా, క్లోన్ ఉన్న నూరుమందిలో ఏడాదికి ఒక్కరికి కూడా అది రావడం కష్టమే. అయితే వారిలో మొత్తం మరణాల ముప్పు 40 శాతం దాకా ఎక్కువగా ఉంది. ఇంత అరుదైన క్యాన్సర్ అన్ని మరణాలకు కారణం కాలేదు. మరింత వెదికితే గుండెపోటు, పక్షవాతం బయటపడ్డాయి.

రక్తకణాల డీఎన్‌ఏకూ గుండె ధమనులకూ ఏమిటి సంబంధం? 2017లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీనికి జవాబిచ్చాయి. కొవ్వు పేరుకున్న ధమని గోడలోకి మాక్రోఫేజ్‌లనే రక్తకణాలు వెళ్తాయి. టెట్2 లోపించిన మాక్రోఫేజ్‌లు అక్కడ ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రసాయన సంకేతాన్ని అతిగా విడుదల చేసి, గోడలో వాపును రగిలిస్తాయి. కెన్నెత్ వాల్ష్ బృందం ఎలుకల మూలుగలో పదో వంతు మాత్రమే ఇలాంటి కణాలను చేర్చినా పూడిక పెద్దదైంది. మనుషుల లెక్కల్లోనూ ఈ క్లోన్‌లు ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు ఇంచుమించు రెట్టింపు. అదే కణాలు అన్ని అవయవాలకూ చెడే చేస్తాయని తొందరపడకూడదు. ఇవి ఉన్నవారిలో అల్జీమర్స్ ముప్పు తక్కువగా ఉందని 2023లో ఒక అధ్యయనం చూపింది. 115 ఏళ్లు బతికిన డచ్ మహిళ హెండ్రిక్యే వాన్ ఆండెల్-షిపర్ తెల్లకణాల్లో అత్యధికం చివరికి రెండే మూలకణాల నుంచి పుట్టాయి. అందువల్ల ఆమెకు కీడు జరిగిన దాఖలా లేదు.

ఆ వాపును మందుతో అణచవచ్చా? బోస్టన్ వైద్యుడు పాల్ రిడ్కర్ రెండు పెద్ద ప్రయోగాలు నడిపాడు. మొదటిదాంట్లో గుండెపోటు వచ్చిన 10,061 మందికి, ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కనకినుమాబ్‌నో ఉత్తుత్తి మందునో ఇచ్చారు. 2017లో వచ్చిన ఫలితాల్లో, 150 మిల్లీగ్రాముల మోతాదు అందుకున్నవారికి గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణాల ముప్పు 15 శాతం తగ్గింది. ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు మాత్రం కొంచెం పెరిగాయి. రెండోది చవకైన మెథోట్రెక్సేట్‌తో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల తయారుచేసిన మందు అది. కీళ్లవాతంలో వాపును బాగా తగ్గించే ఆ మందు ఇక్కడ విఫలమైంది. అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను తగ్గించలేదు, గుండెపోట్లనూ ఆపలేదు. నా దృష్టిలో ఈ వైఫల్యం మొదటి విజయమంత విలువైనది. వాపునంతా ఒకే గాటన కట్టకూడదని ఇది తేల్చింది.

కనకినుమాబ్ ప్రయోగంలో దాచిన రక్తాన్ని తరువాత మళ్లీ పరీక్షించారు. టెట్2 చెడినవారికే మేలు మరింత ఎక్కువ జరిగినట్టు కనిపించింది. వారు కొద్దిమందే కనుక దీన్ని రుజువనలేం. ముందే క్లోన్‌ను గుర్తించి, ఏ జన్యువు చెడిందో చూసి మందిచ్చే ప్రయోగాలు కావాలి. అంతవరకు ఆరోగ్యవంతులందరికీ ఈ పరీక్ష చేయించడంలో అర్థం లేదు. క్లోన్ ఉందని తెలిసినా వైద్యుడు చెప్పేది బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టుకోమనీ, సిగరెట్ మానమనే. ఆ చివరిదానికి అదనంగా ఒక కారణం కూడా ఉంది: ఏఎస్‌ఎక్స్‌ఎల్1 అనే జన్యువు చెడిన క్లోన్‌లు పొగతాగేవారిలో ఎక్కువగా కనిపిస్తున్నాయి.